కీర్తిశేషులు టర్కీ కోడి

పొన్నమెరక పట్టణంలో పొగ లేదు. ఉన్నా లేదు.

ఈ సంగతి ఊరి మొదట్లోనే ఆకుపచ్చ బోర్డు మీద రాసి ఉంటుంది. పైన "నిర్ధూమ పట్టణానికి స్వాగతం" అని, కింద "పొగ కనబడిన యెడల తెలియజేయుడు" అని. ఇదంతా ఎలా మొదలైందంటే, ఆ మధ్య ఎవరో పెద్దాయన కాలవ మీద వంతెన ప్రారంభించడానికి వచ్చి, మైకు చేతికందిన ఆనందంలో "ఆహా, మీ ఊళ్ళో గాలి ఎంత స్వచ్ఛంగా ఉందండీ! పొగన్నదే లేదు" అనేశారు. ఆ రోజు కరెంటు లేక మిల్లు ఆగిపోయిందన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. పెద్దలు నోరుజారి అన్న మాటను నిజం చెయ్యడమే కదా చిన్న ఉద్యోగుల ధర్మం. మునిసిపల్ కమిషనర్ దైవాధీనం గారు ఆ మాటను తీర్మానం చేశారు. తీర్మానానికి నిబంధనలు పుట్టాయి, నిబంధనలకు జరిమానాలు పుట్టాయి. ఇలాగే ఉంటే పొన్నమెరకకు నిర్ధూమ పట్టణ పురస్కారం వస్తుందని పైనుంచి కబురు కూడా వచ్చింది.

అప్పట్నుంచీ బీడీలు కాల్చేవాళ్ళు కాలవ దాటి పక్క పంచాయతీలోకి వెళ్ళి కాల్చుకొస్తున్నారు. ఇస్త్రీ బండివాడు బొగ్గుల పెట్టెను దుప్పట్లో చుట్టి, జబ్బు చేసిన మనిషిలా తిప్పుకుంటున్నాడు. సాయంత్రమైతే మునిసిపాలిటీ బండి దోమల మందు కొడుతూ వస్తుంది. వీధంతా తెల్లగా కమ్మేసి, జనం ఒకరినొకరు గుద్దుకుని క్షమాపణలు చెప్పుకుంటారు. అది మాత్రం పొగ కాదు, ప్రజారోగ్యం.

ఇలాంటి ఊళ్ళో ముత్యాలరావు ఒక టర్కీ కోడికి పొగబెడదామనుకున్నాడు.

ముత్యాలరావు కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య మంగతాయారు. కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిందీ ఆవిడే, ఆర్పిందీ ఆవిడే. అందరికీ పెట్టి, ఆఖర్న గిన్నెలో ఏది మిగిలితే అది కలుపుకుని, గోడకు చేరగిలబడి తినేది. మొన్న ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చుని, వంకాయ కూర నోట్లో పెట్టుకుని, "ఇంకోళ్ళు వండి వడ్డిస్తే గంజైనా అమృతమేనండీ" అంది. మామూలుగా అన్న మాటే. ఆవిడ పెరుగన్నంలోకి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయింది కూడా. ముత్యాలరావు మాత్రం మరిచిపోలేకపోయాడు. ఇన్నేళ్ళలో తను ఆవిడకు వండి పెట్టింది ఏమీ లేదన్న సంగతి ఆ పంక్తిలో, ఆ విస్తరి ముందు, మొదటిసారి తట్టింది. ఒక్కసారైనా తన చేత్తో వండాలి, ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టాలి, తినిపించాలి, "బాగుంది" అనిపించుకోవాలి. అంతే. ఇంతకన్నా పెద్ద కోరిక ఆయనకు అప్పట్లో లేదు.

వచ్చిన చిక్కల్లా ఆయనకు వంట రాకపోవడం. కాఫీ పెడతానని నీళ్ళు మాడ్చిన చరిత్ర ఉంది. అలాంటి మనిషికి ఒకరోజు ఫోనులో ఒక వీడియో కనబడింది. ఏ దేశమో తెలియదు. టోపీ పెట్టుకున్న లావుపాటి ఆసామి పెరట్లో ఇనప డ్రమ్ము పెట్టి, అందులో టర్కీ కోడిని వేలాడదీసి, అడుగున కట్టెలు రాజేసి, మూత వేసి, పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్న కూర్చున్నవాడు సాయంత్రం లేచాడు. మూత తీస్తే కోడి తోమిన రాగి చెంబులా మెరిసిపోతోంది. మంట తగలకూడదట. పొగే మెల్లగా వండుతుందట. మనిషి చెయ్యాల్సిందల్లా కూర్చోవడమేనట. రోజంతా కుర్చీలో కూర్చునే వంట ఒకటి లోకంలో ఉందని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పనందుకు ముత్యాలరావుకు అందరి మీదా కోపం వచ్చింది.

పాత నూనె డ్రమ్ము ఒకటి సంపాదించి, కాలవ అవతల బాగా కాల్చి కడిగించి, పైన గొట్టం అతికించి, లోపల కొక్కెం పెట్టించాడు. చేపల చెరువు గట్టు మీద టర్కీ కోళ్ళు పెంచే రైతు దగ్గరకు వెళ్ళి, బలమైనదాన్ని చూసి కోయించి తెచ్చాడు. ఉప్పునీళ్ళలో బెల్లం, మిరియాలు, దంచిన అల్లం వెల్లుల్లి వేసి, స్నానాల గదిలో ఉన్న పెద్ద బక్కెట్టులో దాన్ని రాత్రంతా నానబెట్టాడు.

"నేనెప్పుడైనా పావుగంట ఎక్కువ స్నానం చేస్తే తలుపు కొడతారు. దానికి రాత్రంతానా?" అంది మంగతాయారు.

"రేపు నువ్వు వంటింటి వైపు రాకూడదు. వంట నాది."

"అలాగా? అయితే ఎందుకైనా మంచిది, ఓ రోటి పచ్చడి నూరి ఉంచుతానండి."

మర్నాడు పొద్దున్నే పెరట్లో మామిడి కట్టె పేళ్ళు రాజేసి, కోడిని కొక్కేనికి తగిలించి, మూత వేసి, ముత్యాలరావు కుర్చీలో కూర్చున్నాడు. గొట్టంలోంచి సన్నగా, నీలంగా పొగ లేచింది. దాన్ని చూసి ఆయన ఇంకా మురవనేలేదు, గోడ అవతల మోటారు సైకిలు ఆగింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ భూషణం దిగాడు. ధూమ నియంత్రణాధికారిగా ఆయనకు అదనపు బాధ్యతలున్నాయి. జీతం మాత్రం పాతదే.

"ఏటండీ ముత్యాలరావు గారూ, ఇది?"

"టర్కీ కోడండి. పొగబెడుతున్నానండి."

"ఎవర్ని పొమ్మనలేకండీ?" అని భూషణం తన చమత్కారానికి తనే నవ్వుకుని, ఆ తర్వాత ఉద్యోగం గుర్తొచ్చి మొహం ముడిచాడు. "నిర్ధూమ పట్టణంలో పొగబెడుతున్నానని నోటితో ఒప్పేసుకుంటున్నారే! మీలాంటి నిజాయితీపరుల మూలానే మాకు పని పెరిగిపోతందండి."

"తప్పేముందండీ? వంట చేసుకోవడం కూడా నిషేధమా?"

భూషణం సంచీలోంచి పుస్తకం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "సదరు పట్టణ పరిధిలో నాలుగు రకముల పొగ మాత్రమే అనుమతింపబడును. వంట పొగ, పూజ పొగ, దోమ పొగ, దహన పొగ." పుస్తకం మూసేశాడు. "అయిదోది లేదండి. మీదేదో మీరే చెప్పండి."

"వంట పొగేనండి."

"గిన్నేదండీ?"

"గిన్నె లేదండి."

"నూనె?"

"అక్కర్లేదండి."

"పోనీ మంటయినా తగులుద్దా కోడికి?"

"తగలకూడదండి. అదే కిటుకు."

"ఎంతసేపు?"

"పొద్దుగూకే దాకానండి."

భూషణం చాలా జాలిగా చూశాడు. "గిన్నె లేకుండా, నూనె లేకుండా, మంట తగలకుండా పొద్దస్తమానం చేసేది వంటెలా అవుద్దండీ? మా ఆవిడ వింటే నవ్వుద్ది. పోనీ పూజ పొగని రాద్దామంటే కోడి మాంసం. నా ఉద్యోగం పోద్ది. దోమ పొగ మునిసిపాలిటీ సొత్తు, ప్రైవేటోళ్ళకి లేదు." ఆయన డ్రమ్ము చుట్టూ చేతులు కట్టుకుని ప్రదక్షిణంలా ఒకసారి తిరిగి, చప్పున ఆగాడు. మొహం వెలిగింది. "కట్టెలున్నాయి. గొట్టముంది. లోపల కీర్తిశేషులున్నారు. పొద్దస్తమానం పడుద్ది. అబ్బ, అతికినట్టు సరిపోయిందండీ! దహన పొగ కింద దరఖాస్తు పెట్టుకోండి. మా కమిషనర్ గారు ధర్మాత్ములు, కాదనరు. అందాకా ఇది ఆర్పేయండి."

ఆర్పక తప్పలేదు. ఇంతలో మంగతాయారు పెరటి గుమ్మంలోకి వచ్చి, జరిగింది విని, చీర చెంగు బొడ్లో దోపింది. "పోనీలెండి, ఇటివ్వండి. ముక్కలు కొట్టి, మసాలా పట్టించి, కూర చేసేస్తాను. ఎంతసేపు?"

ఆ మాటతో ముత్యాలరావుకు పౌరుషం వచ్చింది. కోడిని ఇస్తే కథ మళ్ళీ మొదటికే వస్తుంది. మళ్ళీ ఆవిడే పొయ్యి దగ్గర, మళ్ళీ ఆవిడే ఆఖరి పంక్తి. "ముట్టుకోకు. ఇప్పుడే వస్తాను" అని చొక్కా తొడుక్కుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు.

కమిషనర్ దైవాధీనం గారు సంగతంతా విని కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆలోచించేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కూడా అలాగే ఉంటారు కనుక సిబ్బంది ఎప్పుడూ తొందరపడరు. కాసేపటికి కళ్ళు తెరిచారు.

"ముత్యాలరావు గారూ, పౌరుని ఆకాంక్షకు ఈ సంస్థ ఏనాడూ అవరోధం కాదు. ఆ ఆకాంక్ష ఏదో ఒక పద్దు కిందకు వస్తే చాలును. మృతుని పేరు?"

"పేరు పెట్టలేదండి. టర్కీ కోడి అంతే."

"ఇంటిపేరు టర్కీ. పేరు కోడి. వయస్సు?"

"ఆర్నెల్లుంటాయేమోనండి."

"అయ్యో, పసివాడు." కమిషనర్ గారు ఒక్క క్షణం కలం ఆపి సానుభూతి ప్రకటించారు. "మరణ కారణం?"

"కోశారండి."

ఈసారి కలం ఎక్కువసేపు ఆగింది. "అట్లా వ్రాసినచో పోలీసు వారికి తెలియపరచవలసి వచ్చును. వారు పోస్టుమార్టమ్ అంటారు. అందులో అల్లం వెల్లుల్లి బయటపడును. మెడకు సంబంధించిన ఆకస్మిక సమస్య అని వ్రాద్దాము. మృతునితో మీకు బంధుత్వం?"

"బంధుత్వమేంటండీ? డబ్బిచ్చి తెచ్చుకున్నాను."

"తెచ్చుకున్నారు. రాత్రి ఇంట్లో ఉంచుకున్నారు. స్నానం చేయించారు."

"నానబెట్టానండి."

"అదే. దత్తత." కమిషనర్ గారు తృప్తిగా సంతకం చేశారు. "ఒక్క విషయం. దహన పొగ గృహములందు కుదరదు. మునిసిపల్ శ్మశానవాటికయందే జరగవలెను. మీరేమీ చింతించకండి, వైకుంఠ రథం ఉచితం. డ్రమ్మును పాడె కింద చూపిస్తాము."

ముత్యాలరావుకు వద్దని చెప్పేయాలనిపించింది. కానీ ఇంట్లో మంగతాయారు చెంగు దోపుకుని నిలబడి ఉంటుందని గుర్తొచ్చింది. "సరేనండి" అన్నాడు.

సర్కారు పని నత్తనడక అని ఎవరన్నారో గానీ, వాళ్ళు పొన్నమెరక వైకుంఠ రథాన్ని చూడలేదు. ఆయన ఇంటికి చేరేసరికే అది గుమ్మం ముందు ఆగి ఉంది. దహన పొగకు ముందు పట్టణ ప్రజలకు తెలియజేయాలన్నది మరొక నిబంధన. తెలియజేయకపోతే పొగ చూసి ఎవరైనా ఫిర్యాదు చేస్తారు, ఫిర్యాదు వస్తే కమిటీ వెయ్యాలి, కమిటీ వేస్తే టీలు తెప్పించాలి. అందుకని రథం మీద మైకు పెట్టి, "విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్ ముత్యాలరావు గారి దత్తపుత్రుడు చిరంజీవి టర్కీ కోడి ఆకస్మికంగా స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని మూడు వీధుల్లో చెప్పించారు. సెంటర్లో ఫ్లెక్సీ వెలిసింది. పైన మబ్బుల్లో టర్కీ కోడి, కింద చేతులు జోడించిన కమిషనర్ గారు, పక్కన "కన్నీటి నివాళి". చూసినవాళ్ళు పువ్వో, పది రూపాయలో పెట్టి పోతున్నారు.

పక్కింటి రత్నాలు క్యారియర్ పట్టుకుని ఏడుస్తూ వచ్చి మంగతాయారును వాటేసుకుంది. "ఎప్పుడు దత్తత చేసుకున్నారు వదినా? గోడ పక్కన ఉంటూ మాకొక్క మాటైనా చెప్పలేదే!"

"నిన్న సాయంత్రం తెచ్చారు రత్నాలూ."

"ఒక్క పూటలో అంత మమకారం పెంచేసుకున్నారా! మీ గుండె వెన్నపూస వదినా."

మంగతాయారుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఊరుకోవడం మర్యాద కాదని ఆవిడ కూడా ముక్కు చీదింది. ఈలోగా భూషణం వంటింట్లోకి వెళ్ళి, స్టవ్వుకు ఎర్ర తాడు చుట్టి, లక్క ముద్ర వేసి వచ్చాడు.

"ఇదేంటి నాయనా?"

"ఇంటికి ఒకటే పొగండి. దహన పొగ వాడుకున్న ఇంట్లో వంట పొగ ఉండకూడదు. అయినా ఆయ్, పోయినోళ్ళున్న ఇంట్లో పొయ్యి వెలిగించరు కదండీ. పక్కోళ్ళు పెట్టాల. ఆచారం, నిబంధన రెండూ ఒకటైపోయాయి."

రథం కదిలింది. మంగతాయారు వీధి చివరిదాకా నడిచి ఆగిపోయింది. ఆడవాళ్ళు అంతకు మించి వెళ్ళకూడదు. "ఎండలో కూర్చోకండి" అని మొగుడికి చెప్పి, ఆవిడ రత్నాలుతో కలిసి వెనక్కి వచ్చేసింది.

శ్మశానవాటికలో ముత్యాలరావు డ్రమ్ము నిలబెట్టించి, పేళ్ళు రాజేసి, కాటికాపరి సింహాద్రి తెచ్చి వేసిన కుర్చీలో కూర్చున్నాడు. చెట్ల నీడ, కాలవ గాలి. ఆ మాటకొస్తే పెరటికన్నా ఇక్కడే సుఖంగా ఉందనిపించింది. మూత సందులోంచి కోడిని చూసుకుంటే రంగు తిరుగుతోంది. సాయంత్రం దీన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికెళ్ళడం, విస్తరి వెయ్యడం, తొడ ముక్క వడ్డించడం అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. మధ్యాహ్నం ఆవిడకు ఫోను చేశాడు.

"తిన్నావా?"

"తిన్నానండి. రత్నాలు చారు, అరటికాయ వేపుడు తెచ్చింది. నన్ను లేవనివ్వలేదండి, కూర్చోబెట్టి వడ్డించింది. చారు బాగుందండి."

ముత్యాలరావు ఎదురుచూసిన మాట, తను డ్రమ్ము చేయించి, బెల్లం కలిపి, కోడిని దత్తత చేసుకుని, శ్మశానం దాకా వచ్చి సంపాదించుకోవాలనుకున్న మాట, గుప్పెడు చింతపండు పులుసుకు దక్కింది. అసూయ అంటే ఏమిటో ఆయనకు ఉద్యోగంలో ప్రమోషన్లప్పుడు కూడా ఇంత బాగా తెలియలేదు. "అలాగా, సంతోషం" అని ఫోను పెట్టేసి, డ్రమ్ము కింద ఇంకో రెండు పేళ్ళు దోపాడు.

ఎండ వాలేసరికి వాసన మొదలైంది. మామిడి కట్టె పొగలో మిరియం, బెల్లం, కొవ్వు కలిసి గోడ దాటి, కాలవ గట్టు పట్టుకుని నడిచి మునిసిపల్ ఆఫీసులోకి వెళ్ళింది. ముందు అటెండరు వచ్చాడు, ఆ తర్వాత పన్నుల గుమస్తాలు. ఆఖరికి కమిషనర్ గారే తెల్లబట్టలు కట్టుకుని విచ్చేశారు. అందరూ డ్రమ్ము చుట్టూ నిలబడి మౌనం పాటించారు. ఆ మౌనంలో గుటకలు వినబడ్డాయి.

"కీర్తిశేషులు స్వల్పకాలమే జీవించినను, నేడు పట్టణమంతటా పరిమళించారు. ఎందరికి లభించును ఈ భాగ్యం?" అన్నారు కమిషనర్ గారు, డ్రమ్ము మీంచి కళ్ళు తిప్పకుండా.

ముత్యాలరావు మూత తీశాడు. అచ్చం వీడియోలో లాగే ఉంది. చర్మం బంగారు రంగు దాటి రాగిలోకి దిగింది, పొడిస్తే రసం కారుతోంది. గర్వంతో ఆయనకు ఒళ్ళు పులకరించింది. గబగబా టిఫిన్ డబ్బా తెరిచాడు.

"ఆగండాగండి" అన్నాడు భూషణం. "ఇక్కడికొచ్చిన భౌతికకాయాన్ని వెనక్కి తీసుకెళ్ళడం నిబంధనల్లో లేదండి. అస్థికలే వెళ్ళాల."

"అస్థికలంటే ఎముకలు కదండీ!"

"అవును" అన్నారు కమిషనర్ గారు, మొలలోంచి చేతిరుమాలు తీసి మెడకు కట్టుకుంటూ. "ఎముకల నుండి తక్కిన భాగమును వేరుచేయు బాధ్యతను సంస్థ స్వీకరించుచున్నది."

సంస్థ స్వీకరించింది. ఒక తొడ కమిషనర్ గారు, ఒక తొడ భూషణం, రొమ్ము భాగం పన్నుల విభాగం. ముత్యాలరావు అడ్డం పడబోతే, "మీరు దుఃఖంలో ఉన్నారు, కూర్చోండి" అని నలుగురు పట్టుకుని కుర్చీలో కూలేశారు. సింహాద్రి ఒక్కడే ఆయన పక్కన నిలబడి, "చానా శవాల్ని చూశాను బాబూ, ఇంత మందికి ఇంత ప్రేముండటం చూళ్ళేదు" అన్నాడు.

ఇంటి గుమ్మం ముందు రత్నాలు మొగుడు రెండు బిందెల నీళ్ళు దిమ్మరించాక ముత్యాలరావు తడిబట్టలతో లోపలికి వచ్చాడు. ఎర్రగుడ్డ కట్టిన మట్టి కుండను భార్య ముందు పెట్టాడు. ఆవిడ గుడ్డ విప్పి చూసింది. ఒక ఎముక తీసి అటూ ఇటూ తిప్పింది. మంచి పనితనం, పిసరంత మాంసం కూడా మిగల్లేదు.

"అందరూ బాగుందన్నారు" అన్నాడాయన.

"మీరు తిన్నారా?"

"లేదు."

మంగతాయారు కుండ పక్కన పెట్టి, రత్నాలు ఇచ్చిన చారన్నం ఆయనకు కలిపి పెట్టింది. పొద్దుటి నుంచీ పస్తున్న మనిషి కావడంతో గబగబా తిన్నాడు. చారు నిజంగానే బాగుంది. అందుకు ఆయనకు ఇంకాస్త బాధ కలిగింది.

ఈ కథ అక్కడితో ముగిసేది, కానీ కమిషనర్ గారికి ఆ సాయంత్రం తొడ ముక్కతో పాటు ఒక జ్ఞానం కూడా లోపలికి వెళ్ళింది. ముత్యాలరావు ఇంట్లో స్టవ్వుకు లక్క ముద్ర ఉంది కనుక పొగ లేదు. ఇల్లు విషాదంలో ఉంటే పొయ్యి వెలగదు. అంటే విషాదంలో ఉన్న పౌరుడే ఆదర్శ పౌరుడు. ఊరంతా విషాదంలో ఉంటే ఊరంతా నిర్ధూమం. పురస్కారం నిర్ణయించే బృందం వచ్చే ఆదివారం ఊరు చూడ్డానికి రాబోతోంది.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "ఇంటింటా నివాళి పథకము కింద పట్టణములోని ప్రతి కుటుంబము వచ్చే ఆదివారమునాడు ఏదేని ఒక ఆత్మీయ ప్రాణిని కోల్పోవలెను. టర్కీ కోడి, నాటుకోడి, బాతు అంగీకరింపబడును. శాకాహారుల మనోభావములను గౌరవించి పనసకాయను సైతము మృతుల జాబితాలో చేర్చడమైనది. దాని మరణ కారణమును తొడిమకు సంబంధించిన ఆకస్మిక సమస్యగా నమోదు చేయవలెను."

ఊళ్ళో పాత డ్రమ్ములకు కరువొచ్చింది. ఆదివారం నాడు ఇళ్ళన్నిట్లో స్టవ్వులకు ఎర్రతాళ్ళు పడ్డాయి. శ్మశానవాటికలో డ్రమ్ములు బారులు తీరాయి, ప్రతి డ్రమ్ము పక్కనా ఒక కుర్చీ, ప్రతి కుర్చీలో ఒక మొగుడు. వేదపండితులొకరు పనసకాయకు ఇంటిపేరు, గోత్రం చెప్పించి మరీ పొగబెట్టారు. పాపం, ఆ రోజు నిజంగా పోయిన ఒక ముసలాయనకు ఊళ్ళో చోటు లేక, పక్క పంచాయతీకి, బీడీలవాళ్ళ వెంటే, తీసుకుపోవలసి వచ్చింది. బృందం వారు ఊరంతా నడిచి చూశారు. ఏ ఇంటి మీదా పొగ పోగు కూడా లేదు. ముక్కులు ఎగబీల్చి, "ఈ కమ్మటి వాసన ఎక్కడిదండీ?" అని అడిగితే, కమిషనర్ గారు తల వంచుకుని, "అవి ఉత్తరక్రియలండి, అడగకూడదు" అన్నారు. పురస్కారం అక్కడికక్కడే ఖాయమైంది.

ముత్యాలరావు డ్రమ్ము చివరి వరసలో ఉంది. రెండో టర్కీ కోడి లోపల కాగుతోంది. ఆయనకు మాత్రం ఉత్సాహం లేదు. చట్టం ప్రకారం తెచ్చుకున్నాడు, పథకం ప్రకారం పోగొట్టుకుంటాడు, సాయంత్రానికి కుండ ఇంటికి చేరుతుంది. ఈసారి ఇంటికి చారు కూడా రాదు, ఎందుకంటే రత్నాలు స్టవ్వుకూ తాడుంది.

అలా నీరసంగా కూర్చుని ఉండగా గేటు దగ్గర కలకలం రేగింది. మంగతాయారు వస్తోంది. చేతిలో అరిటాకు, చంకలో చాప.

"అమ్మా, ఆడోళ్ళు ఇక్కడికి రాకూడదండి" అని భూషణం పరిగెత్తాడు.

"మగాళ్ళు వండకూడదు కూడా అనేవారు నాయనా. వండుతున్నారుగా" అని ఆవిడ ఆగకుండా నడిచి వచ్చి, మొగుడి డ్రమ్ము పక్కన చాప పరిచి, ఆకు వేసుకుని కూర్చుంది. "ఇంట్లో పొయ్యి లేదు. పొరుగింట్లో పొయ్యి లేదు. నాకాకలేస్తోందండీ. అయిందా?"

ముత్యాలరావు చప్పున లేచి మూత తీశాడు. వాసనకు కమిషనర్ గారు, వెనకాలే సంస్థ, చేతిరుమాళ్ళు కట్టుకుంటూ వచ్చేశారు. కమిషనర్ గారు తొడ వైపు చెయ్యి చాపారు.

"ఆగండి బాబూ" అంది మంగతాయారు, గట్టిగా కాదు, పెళ్ళి భోజనాల బంతిలో వడ్డించేవాళ్ళకు చెప్పినట్టు. "ఎముకల్నించి వేరుచేసే పని ముందు కుటుంబసభ్యులది. ఏమైనా మిగిలితే అప్పుడు సంస్థ."

చాపిన చెయ్యి గాల్లో ఆగింది. కమిషనర్ గారు భూషణం వైపు చూశారు. భూషణం పుస్తకం తిరగేసి, పేజీలన్నీ వెతికి, దిగులుగా తలూపాడు. భౌతికకాయం మీద మొదటి హక్కు కుటుంబానిదేనని స్పష్టంగా ఉంది. సంస్థ రెండడుగులు వెనక్కి వేసి, వరసలో నిలబడింది.

ముత్యాలరావు వంగి ఆకులో మొదటి ముక్క వడ్డించాడు. మంగతాయారు తీరిగ్గా తుంపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంపింది. ఆయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆవిడ తలెత్తి చూసింది.

"కూసింత ఉప్పు తగ్గింది" అంది. మరో ముక్క నోట్లో పెట్టుకుంది. "బాగుందండీ. చాలా బాగుంది. ఇంకొంచెం వడ్డించండి."

ఆయన వడ్డించాడు. వడ్డించి పక్కకు తిరిగి, పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎంత ఒత్తుకున్నా ఆగడం లేదు.

భూషణం అనుమానంగా దగ్గరకొచ్చి, కలం తీశాడు. "ఏటండీ, కళ్ళకి పొగ గానీ తగిలిందేటండీ?"

"ఊరుకోండి భూషణం గారూ, మన ఊళ్ళో పొగెక్కడిదండీ?" అన్నాడు ముత్యాలరావు.